సభకు వీపు చూపిన విద్వాంసుడు



కొద్ది మాసాల క్రిందట అవనిగడ్డ ప్రాంతం నుండి ఒక ఉపాధ్యాయుడు మాకు కార్డు వ్రాశారు. పాశ్చాత్య సంగీత కార్యక్రమం ఒకటి విన్నారట. ప్రకటనలో ముందుగా రచన పేరు, రచయిత పేరు, పిమ్మట వాద్యబృందం పేరు చెప్పి, ఆఖరున 'కండక్టరు' అంటూ మరొకరి పేరు చెప్పారట. మాస్టారి ప్రశ్నలు రెండు. ఈ కండక్టరు అనే ఆయన వాయించేది ఏమిటి? ఏమీ వాయించనివాడైతే, వినబడని మనిషి పేరు రేడియోలో చెప్పటం ఎందుకు? ఇది మొదటిది. పత్రికలలో బొమ్మలు చూస్తే ఆయన సభకు వీపు పెట్టి నిలుచుని ఉంటాడు. మన సభామర్యాదకు అది తప్పు కాదా? ఇది రెండవది.

ప్రశ్నలు చిన్నవే గాని, మొదటిది మమ్మల్ని కొంతకాలం వదలలేదు. మా వృత్తి అంతా వినబడేదానితోనే. గాయకుణ్ణి ప్రసారం చేస్తాము, వీణను ప్రసారం చేస్తాము, తంబురా శ్రుతిని సైతం ప్రసారం చేస్తాము. వేదిక మీద ఉన్నవారందరిలోను మా మైక్రోఫోనుకు అందనివాడు కండక్టరు ఒక్కడే. మరి అతని పేరు ఏ హక్కుతో చెబుతున్నాము?

'కండక్టరు' అనగానే మన బెజవాడలో ఎవరికైనా గుర్తుకు వచ్చేది బస్సు కండక్టరే. ఆ పోలిక అంత తీసివేయవలసినదీ కాదు. బస్సు నడిపేది ఆయన కాదు. అయినా ఆయన గంట కొట్టనిదే బస్సు కదలదు. కొందరు 'వాద్యబృంద సంచాలకుడు' అని వ్రాస్తారు. మాకు ఆ మాట నోటికి ఎక్కలేదు. ఈ ప్రసంగంలో కండక్టరు అనే అంటాము. బస్సులవారు మన్నింతురు గాక.

ఆ పని చేసేవారు మన దేశంలో లేకపోలేదు. మనకు దగ్గరలోనే కూచిపూడి ఉన్నది. భాగవత మేళంలో సూత్రధారుని చూడండి. చేతిలో తాళాలు, నోట జతులు, దృష్టి పాత్రధారి పాదాల మీద. మృదంగం, పాట, ఆట మూడూ ఆ తాళపు దెబ్బకు కట్టుబడి నడుస్తాయి. మరొక ఆవర్తం సాగించాలన్నా, ముక్తాయింపు వేయించి దరువు ముగించాలన్నా నిర్ణయం ఆయనదే. అయితే సూత్రధారుని తాళం మనకు వినబడుతుంది. ఆయన పాత్రలతో మాట్లాడతాడు కూడ. ఇక సంగీత కచేరీలోనైతే అటువంటి పెద్ద ఎవరూ ఉండరు. గాయకుడు తన తాళం తాను తొడమీద వేసుకుంటాడు. ఒక్క చూపు చూస్తే మృదంగ విద్వాంసుడు అందుకుంటాడు. నలుగురు మనుషులు చేయి చాస్తే అందేటంత దూరంలో కూర్చున్నప్పుడు మధ్యవర్తి ఎందుకు?

నలుగురు కాక నూరుగురైతే అప్పుడు వేరు. పెద్ద సింఫనీ ఆర్కెస్ట్రాలో ఇంచుమించు నూరుమంది ఉంటారు. ముందు వరుసలో వయొలిన్లు, వెనుక వేణువులు, కొమ్ములు, ఇత్తడి వాద్యాలు, అన్నిటికీ వెనుక భేరీలు. ముందువారికీ వెనుకవారికీ మధ్య 20 మీటర్ల దూరం ఉన్నదనుకుందాము. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే భేరి వాయించేవాడు ముందు వరుసలోని వయొలిన్లను చెవితో విని వాయించదలచుకుంటే, సెకనులో పదిహేడవ వంతు ఆలస్యం అయి తీరుతుంది. అతని దెబ్బ తిరిగి ముందుకు చేరటానికి మరొక పదిహేడవ వంతు. దురితకాలంలో తాళం చెదరటానికి ఈ మాత్రం చాలును. చెవి ఆలస్యం చేస్తుంది, కన్ను చేయదు. కాబట్టి నూరుగురి కండ్లకూ ఒకే కర్ర కొన కనబడేటట్లు ఒక మనిషిని ఎత్తుమీద నిలబెట్టారు. ఆయన ముఖం వాద్యకారులవైపు ఉండటంవల్ల వీపు మనవైపు వచ్చినది, అంతే. పూర్వం సభవైపు తిరిగి చేయి ఊపినవారు కూడ ఉన్నారు. మర్యాదకు అది బాగుండేదేమో గాని సంగీతానికి కాదు. మాస్టారి రెండవ ప్రశ్నకు ఇంతకంటె జవాబు అవసరం లేదనుకుంటాము.

ఆ కర్ర మొదట మూగది కాదు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి రాజాస్థానపు సంగీతాధికారి లుల్లీ పెద్ద కోలతో నేలను తాటించి తాళం చూపేవాడు. 1687లో అలా చూపుతూ పొరపాటున తన కాలివ్రేలినే పొడుచుకున్నాడు. గాయం కుళ్లి, ఆ బాధతోనే మరణించాడు. కండక్టర్ల వృత్తిలో ప్రాణహాని ఉన్నదని చెప్పటానికి ఇదొక నిదర్శనం. తరువాత కోల సన్నబడి, పొట్టిదై, నేలను వదలి గాలిలోకి లేచినది. 1835లో మెండెల్సన్ లైప్‌జిగ్ నగరంలోని వాద్యబృందానికి అధిపతి అయ్యేనాటికి సన్నని చేతికర్రతో నిశ్శబ్దంగా నడపటం స్థిరపడుతున్నది.

కర్ర కదలిక నేర్చుకోవటం కష్టం కాదు. నాలుగు అక్షరాల తాళమైతే క్రిందికి, ఎడమకు, కుడికి, పైకి. మన పిల్లలు వారంలో నేర్వగలరు. కష్టమంతా మొదటి దెబ్బకు ముందున్నది. కర్ర క్రిందికి దిగే ముందు ఒకసారి పైకి లేస్తుంది. ఆ లేచే వేగాన్ని బట్టి కాలప్రమాణం, ఆ తీరును బట్టి బలమూ మెత్తదనమూ వాద్యకారులకు తెలిసిపోవాలి. కొమ్ము ఊదేవాడు ఊపిరి పీల్చేది అప్పుడే. వయొలిన్ వాయించేవాడు కమాను తీగకు ఆనించేది అప్పుడే. అంటే కండక్టరు చూపేది జరుగుతున్న సంగీతాన్ని కాదు, జరగబోయేదానిని. ఆయన ఎప్పుడూ మనకంటె ఒక క్షణం ముందుంటాడు.

దీనిపైన చదువు వేరే. ఆయన ముందున్న పుస్తకంలో ఇరవై వరుసలు ఒకేసారి నడుస్తుంటాయి. కొన్ని వాద్యాలకు వ్రాసే స్వరం ఒకటి, పలికే స్వరం మరొకటి. అన్నిటినీ ఒకే చూపులో చదివి, మనసులో వినగలిగి ఉండాలి. ఆ పిమ్మట రిహార్సళ్లు. ఇక్కడ కొంచెం హెచ్చించు, అక్కడ తగ్గించు, వయొలిన్లు అందరూ కమాను ఒకే దిక్కుకు లాగండి అని నోటితో చెప్పవలసినదంతా అక్కడే చెప్పుకుంటాడు. సభలో మనం చూసేది ఆ పని చివర మిగిలిన చేతికదలిక మాత్రమే. పదిహేను నిమిషాల సంగీత రూపకం వెనుక ఎన్ని పూటల అభ్యాసమున్నదో ఎరిగిన మాబోటివారికి ఇది ఆశ్చర్యం కాదు.

ఈ విద్యలో లోకమంతటా పేరు పొందిన భారతీయుడు జుబిన్ మెహతా. ఆయన వృత్తిజీవితం చెప్పుకుంటే మాస్టారి మొదటి ప్రశ్నకు జవాబు దొరకవచ్చును.

ఆయన 1936 ఏప్రిల్ 29న బొంబాయిలో పార్శీ కుటుంబంలో జన్మించారు. తండ్రి మేలీ మెహతా వయొలిన్ విద్వాంసుడు. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించినవారు. ఆ ఆర్కెస్ట్రా వృత్తికళాకారులతో నిండినది కాదు. గోవావారు, పార్శీలు, నౌకాదళపు బ్యాండువారు, కొందరు యూరోపియనులు సాయంకాలాలలో కూడి వాయించుకునేవారు. జుబిన్‌కు తొమ్మిదేండ్ల వయసులో తండ్రి పై చదువుకై న్యూయార్కు వెళ్లి కొన్ని సంవత్సరాలు అక్కడే ఉండిపోయారు. ఇంట్లో తండ్రి లేడు గాని, తండ్రి గ్రామఫోను రికార్డులున్నవి. ఆ బాలుడు బీథోవెన్‌నూ బ్రామ్స్‌నూ మొదట తెలుసుకున్నది ఆ రికార్డుల ద్వారానే. ఈ సంగతి గుర్తుంచుకోవలసినదిగా మనవి. తిరిగి దీని దగ్గరికి వస్తాము.

వైద్యవిద్యకై చదువు మొదలుపెట్టి, మధ్యలో వదలివేసి, 1954లో పద్దెనిమిదవ యేట వియన్నా చేరారు. అక్కడి సంగీత అకాడమీలో హాన్స్ స్వరోవ్‌స్కీ గురువు. కండక్టరు విద్యతోపాటు డబుల్ బాస్ అనే పెద్ద తీగవాద్యం కూడ నేర్చుకున్నారు. వియన్నాలో మొదటి దినాలలో వియన్నా ఫిల్‌హార్మొనిక్ వాద్యబృందం, కార్ల్ బోమ్ నాయకత్వాన, బ్రామ్స్ మొదటి సింఫనీని వాయించగా విన్నారు. రికార్డులలో కొన్ని వందలసార్లు విన్న సంగీతం సాక్షాత్తుగా చెవిని తాకటం అదే మొదలు. ఆ నాదమే తనకు జీవితమంతా కొలమానమైనదని ఆయన పలుమార్లు చెప్పుకున్నారు.

అప్పటి ముచ్చట ఒకటి మాకు చాల ఇష్టం. పెద్ద కండక్టర్ల రిహార్సళ్లలోనికి విద్యార్థులను రానిచ్చేవారు కారు. జుబిన్, ఆయన సహపాఠి క్లౌడియో అబ్బాడో ఒక ఉపాయం పన్నారు. ఇద్దరూ గానబృందంలో పాటగాళ్లుగా చేరిపోయారు. పాటగాళ్లు నిలిచేది వాద్యకారులకు వెనుక, కండక్టరుకు ఎదురుగా. అక్కడినుండి కరాయాన్, బ్రూనో వాల్టర్ వంటి మహామహుల ముఖాలు, చేతులు సూటిగా కనబడతాయి. సభకు వీపు మాత్రమే చూపే విద్యను ముఖంవైపు నుండి నేర్చుకోవటానికి అంతకంటె దారి లేదు. అబ్బాడో కూడ తరువాత జగత్ప్రసిద్ధుడైన కండక్టరు అయ్యాడు.

1956లో హంగేరీలో తిరుగుబాటు అణచివేయబడి, శరణార్థులు వేలాదిగా ఆస్ట్రియాలోనికి వచ్చిపడినప్పుడు, ఇరవైయేండ్ల మెహతా విద్యార్థులను కూడగట్టి వారి కొరకు కచేరీ నిర్వహించారు. ఇటువంటి పని ఆయన జీవితంలో మరల మరల కనబడుతుంది.

1958లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో జరిగిన అంతర్జాతీయ కండక్టర్ల పోటీలో ప్రథమ బహుమతి వచ్చినది. దానితోపాటు అక్కడి వాద్యబృందంలో ఒక సంవత్సరం సహాయక పదవి. ఆ సంవత్సరం గడిచాక మరల వియన్నా. చేతిలో బహుమతి, ఎదుట ఖాళీ దినాలు. గాయకుడైతే ఇంటి అరుగు మీద కూర్చుని పాడుకోవచ్చును. వైణికుడు తలుపులు మూసుకుని సాధకం చేసుకోవచ్చును. కండక్టరు సాధకం దేనిమీద చేస్తాడు? ఆయన వాద్యం నూరుమంది మనుషులు. వారిని ఎవరో ఒకరు జీతమిచ్చి, ఒక గదిలో కూర్చోబెట్టి, ఇదిగో వీరిని నడుపుము అని పిలవాలి. ఆ పిలుపు రానన్నాళ్లు ఆ విద్య గాలిలో కర్ర త్రిప్పటమే.

పిలుపులు వచ్చినవి; కాని ఎలా వచ్చినవో చూడండి. మాంట్రియల్‌లో మార్కేవిచ్ అనే కండక్టరు రాలేకపోగా ఆయనకు బదులుగా పిలిచారు. లాస్ ఏంజిలిస్‌లో ఫ్రిట్స్ రైనర్ రాలేకపోగా ఆయనకు బదులు. 1961లో టెల్ అవీవ్‌లో యూజీన్ ఆర్మాండీకి బదులు. పెద్ద విద్వాంసుడు రైలు అందుకోలేకపోతే శిష్యుణ్ణి వేదిక ఎక్కించటం మన ఉత్సవాలలోను ఎరిగినదే. ఎక్కినవాడు ఆ ఒక్క సాయంకాలమే తానేమిటో చూపుకోవాలి. మూడు ఊళ్లలోను బదులు వచ్చిన యువకుణ్ణే వారు ఉంచుకున్నారు. మాంట్రియల్‌కు సంగీత దర్శకుడయ్యారు. 1967 వరకు ఆ పదవిలో ఉన్నారు. లాస్ ఏంజిలిస్ కథలో కొంత తగవు కూడ ఉన్నది. అక్కడ ముఖ్య పదవికి ఎంపికైన జార్జి సోల్టీ, తనను సంప్రదించకుండా సహాయకుని నియమించారని అలిగి తప్పుకున్నారు. ఆ సహాయకుడు మెహతాయే. 1962లో, ఇరవైయారేండ్లకు, ఆయన లాస్ ఏంజిలిస్ ఫిల్‌హార్మొనిక్ సంగీత దర్శకుడయ్యారు. ఉత్తర అమెరికాలో రెండు పెద్ద వాద్యబృందాలకు ఏకకాలంలో అధిపతి కావటం ఆయనతోనే మొదలు. విమానయానం పెరిగిన కాలంలోనే ఇది సాధ్యమైనది. ఈవేళ ఒక ఊరు, ఎల్లుండి వేరొక ఖండం. తోడు తెచ్చుకునేది ఒక కర్ర, తలలో స్వరాలు.

లాస్ ఏంజిలిస్‌లో 1978 వరకు ఉండి, ఆ సంవత్సరమే న్యూయార్కు ఫిల్‌హార్మొనిక్‌కు మారారు. అక్కడ 1991 వరకు 13 ఏండ్లు. ఆధునిక కాలంలో ఆ పదవిలో అన్నేండ్లు ఉన్నవారు ఆయనకు ముందు లేరు. న్యూయార్కు విమర్శకులు మాత్రం ఆయనను అంతగా ఆదరించలేదు. ఆయన సంగీతంలో ఆర్భాటం హెచ్చని కొందరు వ్రాశారు. అందులో కొంత నిజమున్నదని మాకు కూడ అనిపిస్తుంది. బ్రూక్నర్, రిచర్డ్ స్ట్రాస్ వంటివారి భారీ రచనలు ఆయన చేతిలో నిండుగా పొంగుతాయి. మోజార్ట్ వద్దకు వచ్చేసరికి అదే చేయి కొంచెం బరువనిపిస్తుంది. ఇది మా రుచి; శ్రోతలు ఒప్పుకోనక్కరలేదు. తరువాత 1998 నుండి 2006 వరకు మ్యూనిక్‌లోని బవేరియా రాష్ట్ర సంగీత నాటకశాలకు అధిపతి. వియన్నా నూతన సంవత్సర కచేరీలు అయిదు. 1990లో రోమ్‌లో ముగ్గురు టెనర్ గాయకులతో జరిపిన కచేరీ టెలివిజన్ ద్వారా కోట్లమందికి చేరి, సింఫనీ అంటే ఏమిటో తెలియని ఇళ్లలో కూడ ఆయన ముఖం పరిచయమైనది. దానిని గురించి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

ఆయన అన్నింటికంటె దీర్ఘకాలం అంటిపెట్టుకుని ఉన్నది ఇజ్రాయెల్ ఫిల్‌హార్మొనిక్‌ను. 1961లో బదులుగా వెళ్లిన చోటికి 1969లో సలహాదారు, 1977లో సంగీత దర్శకుడు, 1981లో యావజ్జీవ దర్శకుడు అయ్యారు. 2019 అక్టోబరులో తానే విరమించుకున్నారు. ఆ దేశస్థుడు కాడు, ఆ మతస్థుడు కాడు, ఆ భాష ఆయనది కాదు. 1967 జూన్ యుద్ధం వేళ తక్కిన కళాకారులు అక్కడినుండి బయలుదేరుతుంటే ఆయన అక్కడికి బయలుదేరి వెళ్లారు. 1991 ఫిబ్రవరిలో క్షిపణుల భయం మధ్య జరిగిన ఒక కచేరీలో సైరన్ మ్రోగినది. వాద్యబృందం వేదిక దిగినది. శ్రోతలు విషవాయువు ముసుగులు తగిలించుకున్నారు. వయొలిన్ విద్వాంసుడు ఐజాక్ స్టెర్న్ ఒక్కడే తిరిగి వచ్చి బాఖ్ రచన వాయించాడు. ఆనాటి కండక్టరు మెహతా. నూరుమంది వాద్యకారులు లేనప్పుడు తనకు వేదిక మీద పని లేదన్న సంగతి ఆయనకు అంత స్పష్టంగా తెలిసిన సాయంకాలం మరొకటి ఉండదు.

అన్నీ మెప్పులే కావు. 1981లో టెల్ అవీవ్‌లో, కచేరీ చివర అదనపు అంశంగా, వాగ్నర్ రచనను మొదలుపెట్టారు. వాగ్నర్ యూదులను ద్వేషించినవాడు. హిట్లరుకు ప్రీతిపాత్రమైన సంగీతం అతనిది. ఇష్టం లేనివారు లేచి వెళ్లవచ్చునని మెహతా ముందే చెప్పారు. అయినా సభలో కేకలు లేచినవి. నాజీల కాలంలో బ్రతికి బయటపడినవాడొకడు వేదికవద్దకు వచ్చి ఒంటిమీది గాయపు మచ్చలు తెరచి చూపాడు. స్వరాలకు పాపం అంటదని వాదించేవారు ఈనాటికీ ఉన్నారు. మెహతా ఉద్దేశం కూడ అదే. మేము ఆ పక్షం కాదు. సభలో కూర్చున్నవారు సింఫనీలో ఇరవైయొకటవ వరుసవంటివారు. ఆ వరుసను చదవటంలో ఆ రాత్రి ఆయన పొరబడ్డారు. అదే మనిషి 1994 జూన్‌లో యుద్ధంలో కాలిపోయిన సరాయెవో గ్రంథాలయపు శిథిలాలలో ఆ నగర వాద్యబృందాన్నే నిలబెట్టి మోజార్ట్ వ్రాసిన మృతుల ప్రార్థనను నడిపారు. 1999లో బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి సమీపాన, వైమార్‌లో, జర్మను వాద్యకారులనూ ఇజ్రాయెల్ వాద్యకారులనూ ఒకే వేదికపై కలిపి కూర్చోబెట్టి మాలర్ రెండవ సింఫనీని వాయింపించారు. ఆ రెండు వేళలా సభను సరిగా చదివారు.

ఈయన మనవాడేనా? 1966లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ ఇచ్చి, మనవాడే అని ప్రభుత్వం చెప్పినది. ఎన్ని దేశాలు తిరిగినా ఆయన భారత పౌరసత్వం వదులుకోలేదు. కాని కీర్తి వచ్చిన పిమ్మట మనవాడు అనటం తేలిక. పద్దెనిమిదవ యేట ఆయన వియన్నాకు ఎందుకు పోవలసి వచ్చినదో కూడ చెప్పుకోవాలి. నెలజీతంపై నడిచే పూర్తి సింఫనీ ఆర్కెస్ట్రా అప్పుడు మన దేశంలో ఒక్కటి కూడ లేదు. తండ్రి కూడ చివరకు తాను పెట్టిన ఆర్కెస్ట్రాను వదలి మాంచెస్టరుకు, ఆపైన అమెరికాకు వలసపోయారు. మన విజయవాడలో పెరిగిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి సంగతి వేరు. ఆయన వాద్యం ఆయన గొంతులోనే ఉన్నది. ఇక్కడ పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి వద్ద నేర్చినది వెంట తీసుకుని ఏ దేశం వెళ్లినా, ఒక తంబురా, ఒక వయొలిన్, ఒక మృదంగం ఉంటే కచేరీ సిద్ధం. 2005లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయనను గౌరవించినది. ఊరిలో ఉండి లోకానికి పాడగలిగే విద్య అది. కండక్టరు విద్యకు ఆ వీలు లేదు.

వాద్యబృందాన్ని మన సంగీతంతో కలిపే ప్రయత్నం రేడియోలోనే జరిగినదని చెప్పుకోవటం మాకు కొంచెం గర్వమే. 1952లో ఢిల్లీ ఆకాశవాణిలో వాద్యవృంద ఏర్పడినది. ఉత్తరాది పద్ధతికి పండిట్ రవిశంకర్, దక్షిణాది పద్ధతికి టి. కె. జయరామయ్యర్ నాయకులు. తరువాత ఆ వాద్యవృందను నడిపినవారిలో మన ద్రాక్షారామంలో జన్మించిన వైణికుడు ఈమని శంకరశాస్త్రిగారు ప్రముఖులు. ఆయన అంతకు ముందు మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, పలువాద్యాలను కలిపి పలికించటం ఎరిగినవారు. ఆ పనిలో చిక్కు ఎక్కడున్నదో ఒక్క మాటలో చెబుతాము. తోడి రాగంలో గాంధారాన్ని పదిమంది వైణికులు పదివిధాలుగా ఊపుతారు. ఆ ఊపులోనే ఎవరి బాణీ వారిది. వాద్యబృందంలో పదిమందీ ఒక్కలాగే ఊపాలి. అంటే ప్రతివాడూ తన మనోధర్మాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి రావాలి. మన విద్వాంసులకు ఇది సులభంగా రుచించలేదు. రుచించకపోవటంలో వారి తప్పు లేదు. శంకరశాస్త్రిగారు దానిని బలవంతపెట్టక, ఏ వాద్యానికి ఏ సొగసు తగునో ఆ సంచారమే దానికి ఇచ్చి, అందరూ కలిసేచోట సాదా స్వరాలు పెట్టి దారి తీశారు. వీణమీద ఆయన చూపిన నాజూకు అక్కడ కూడ వినబడేది.

ఆ రవిశంకర్‌గారే 1981లో న్యూయార్కు ఫిల్‌హార్మొనిక్‌తో 'రాగమాల' అనే సితార్ కచ్చేరీ రచనను వినిపించారు. అడిగి వ్రాయించుకుని నడిపినవారు మెహతా. నూరుమంది ఎదుట కాగితం ఉన్నది. సితార్ ముందు మాత్రం లేదు. సితార్ విద్వాంసుడు ఒక సంచారాన్ని ఎంతవరకు సాగిస్తాడో ముందుగా తెలియదు. అంతవరకు కర్ర పైకెత్తి, ఆగి ఉండాలి. జీవితమంతా అందరినీ తన వెంట నడిపించుకున్న మనిషి అక్కడ మరొకరి కనుసైగకై కాచుకోవలసి వచ్చినది. మన మృదంగ విద్వాంసుడు ప్రతి కచేరీలో చేసే పనే ఇది.

2004 డిసెంబరు 26 ఉదయం సముద్రం పొంగినప్పుడు బందరు వద్ద మంగినపూడి తీరాన పున్నమి స్నానాలకు పోయినవారు తిరిగి రాని సంగతి మన ప్రాంతంలో మరువలేదు. సరిగా సంవత్సరానికి, 2005 డిసెంబరు 26న, మెహతా బవేరియా వాద్యబృందంతో మద్రాసు మ్యూజిక్ అకాడమీలో ఆ మృతుల స్మృత్యర్థం కచేరీ చేశారు.  త్యాగరాజ కీర్తనలు మ్రోగే డిసెంబరు మాసంలో, నలుగురు కూర్చునే వేదిక మీద పూర్తి వాద్యబృందం. మన తీరమంతటి దుఃఖానికి జరిగిన కచేరీ అది. ఈ మనిషిని మనవాడు అనవలసివస్తే మేము పద్మ బిరుదుల కంటె ముందు ఆ సాయంకాలాన్నే చెబుతాము.

ఇక మాస్టారి మొదటి ప్రశ్న. బొంబాయిలో గ్రామఫోను ముందు కూర్చున్న బాలునికి ఏ కండక్టరూ కనబడలేదు. అయినా ఒకే సింఫనీకి రెండు రికార్డులుంటే రెండూ ఒకటి కావని చెవికి తెలుస్తుంది. అవే స్వరాలు, అవే వాద్యాలు. ఒకదానిలో రెండవ భాగానికి ముందు నిశ్శబ్దం కొంచెం దీర్ఘం. మరొకదానిలో కొమ్ములు మెల్లగా వచ్చి ఉన్నట్టుండి విచ్చుకుంటాయి. ఆ తేడా చేసినవాడు ఎవరో కొమ్ములు చెప్పవు, వయొలిన్లు చెప్పవు. కాబట్టి ప్రకటన చేసేవారు చెప్పాలి. ఈ జవాబునే కార్డు మీద వ్రాసి పంపాము. దానితోపాటు, ఒకే రచనను ఇద్దరు కండక్టర్ల చేతిలో వెంటవెంట వినిపించమని మా సంగీత విభాగంవారిని అడిగాము. వీలు చూసుకుని చేస్తామన్నారు. మొదట పేర్లు చెప్పకుండా వినిపించి, ఆఖరున చెప్పమని మా కోరిక. మాస్టారు ఆ పూట రేడియో దగ్గర ఉండి, రెండింటిలో ఏది తమకు నచ్చినదో మరొక కార్డు వ్రాయగలరని ఆశిస్తాము.